డానియల్‌కిచ్చిన పది సెకన్లు

శుక్రవారం తెల్లవారి ఆరున్నర కావస్తోంది. మర్రిగూడలో గ్లోరీ కుర్చీలో కూర్చుంటే లేస్తోంది, లేస్తే మళ్లీ కూర్చుంటోంది. పొయ్యి మీద చాయ్ పొంగిపోయినా పట్టించుకోలేదు. ముందు బల్ల మీద మొగుడి హామ్ రేడియో, తీగ లేకుండా ఎంత దూరంలో ఉన్నవాళ్లతోనైనా మాట్లాడేది. పెరట్లో రెండు గుంజల మధ్య దానికోసం ఆయన ఏరియల్‌గా కట్టిపోయిన రాగితీగ. ఆ రేడియోలో ఆమె నోరు తెరవబోయేది ఇదే మొదటిసారి.

సోమవారం డానియల్ గల్ఫ్‌లో ఇంకో రెండేళ్లకు సంతకం పెడతాడు. ఇట్లా పొడిగించుకోవడం ఇది మూడోసారి. పెళ్లయి తొమ్మిదేళ్లయితే, మొగుడూ పెళ్లాం కలిసి ఒక్క ఇంట్లో ఉన్నది మూడేళ్లు కూడా లేదు. వద్దు, వచ్చెయ్యమని ఆమె చెప్పాలి. ఏం, ఫోన్ లేదా అంటారా? ఉంది, రోజూ మోగుతుంది. కానీ ఆమె ఇట్లా నోరు తెరిస్తే చాలు, "ఆ ఆ, సమజైంది, మళ్ల మాట్లాడుదాం, డ్యూటీ ఉంది" అని పెట్టేస్తాడు. ఆ మహానుభావుడికి ఏం సమజైందో ఆ ప్రభువుకే తెలియాలి!

అదే మనిషి రేడియో దగ్గర మాత్రం నోట్లో నాలుక లేనివాడు. ఇష్టపడి కాదు, చట్టం అట్లాంటిది. ఇక్కడ ఆయనకు లైసెన్సు ఉంది. అక్కడ పరాయి దేశపోడు. వినొచ్చు, మాట్లాడాలంటే ఆ సర్కారు అనుమతి కావాలి. రెండుసార్లు అర్జీ పెట్టాడు, రెండుసార్లూ కుదరదన్నారు. అనుమతి లేకుండా మాట్లాడాడా, నౌకరీ ఊడి జైలు పాలే. అందుకని చిన్న రిసీవర్ ఒకటి పట్టుకొని తను ఉండే క్యాంపు మిద్దె ఎక్కి, ప్రతి శుక్రవారం నల్లగొండ, పాలమూరు గొంతులు వింటాడు.

ఆ శుక్రవారం ముచ్చట్లను నడిపేది భువనగిరి పర్వతాలు సారు. రిటైరైన సైన్సు టీచరు, మహా చండశాసనుడు. ఆఖరున, "డానియల్, వింటున్నవనుకుంట. గీ పది సెకన్లు నీవి" అని, మాట్లాడేందుకు నొక్కిపట్టిన మీట వదిలేస్తాడు. జవాబు రాదని తెలిసీ అందరూ మౌనంగా ఉంటారు.

ఆ సంగతి తెలిసిన రోజు గ్లోరీకి కడుపు మండిపోయింది. పెళ్లానికి ఇయ్యని చెవి ఊరందరికీ ఇస్తాడా! మొగుడి పుస్తకాలే దించి, అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోయిన వేళల్లో చదివి, హైదరాబాద్ పోయి పరీక్ష రాసి, ఎనిమిది నెలలకు తన పేరున లైసెన్సు తెచ్చుకుంది. డానియల్‌కు చెప్పలేదు. చెప్పబోతే, "సమజైంది" అన్నాడు.

ఈ పొద్దు, మధ్యలో మోగకుండా ఫోన్ బందు చేసి బియ్యం డబ్బాలో పడేసింది.

"కొత్త స్టేషన్, మర్రిగూడ నుంచి గ్లోరీ గారు," అన్నాడు పర్వతాలు సారు. "చెప్పండమ్మా. ఒక్కటి యాదుంచుకోండి, ఇంటి ముచ్చట్లు గాలిలకు రావొద్దు. లైసెన్సు పోతది."

ఆమె కాగితం చూసి చదివింది. పేరు, ఊరు, తీగ పొడవు. "మబ్బు పట్టింది సార్. పత్తి తడుస్తదేమో." అంతే.

"మీ ఆవాజ్ కొత్తకోటకు మంచిగొస్తాందమ్మా," అన్నాడు అక్కడి రేడియో మెకానిక్ ఖుద్దూస్.

ఒక్కొక్కరూ మాట్లాడారు. ఆఖరుకు సారు ఎప్పటి మాటే అన్నాడు. "డానియల్, గీ పది సెకన్లు నీవి."

నిశ్శబ్దం. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది నెలల కష్టం గ్లోరీ కళ్ల ముందు తిరిగింది. పోతే పోనీ అనుకుంది. మీట నొక్కింది.

"సంతకం పెట్టకు. ఇంటికి రా. ఒక్కదాన్ని ఉండలేకపోతున్న. ఫోన్ల నువ్వు చెప్పనియ్యవు, అందుకే గిట్ల..."

మీట వదిలేసింది. అయిపోయింది, సారు ఇప్పుడు కడిగేస్తాడు అనుకుంది.

"గ్లోరీ గారు," అన్నాడు సారు, "మీ సిగ్నల్ భువనగిరికి స్పష్టంగ అందింది."

"కొత్తకోటకు కూడ అందిందమ్మా," అన్నాడు ఖుద్దూస్.

ఆమె రేడియో ఆపేసి వంటింట్లోకి ఉరికింది. బియ్యంలోంచి తీసి ఆన్ చేసిందో లేదో, ఫోన్ మోగింది. ఎత్తింది. అవతల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఏందయ్యా, నోరు పడిపోయిందా?"

"పెట్టను గ్లోరీ. సంతకం పెట్టను," అన్నాడు డానియల్. "నువ్వింకేందో చెప్పబోయి ఆగినవ్. చెప్పు. వింటున్న."

చెప్పడానికి తొమ్మిదేళ్ల ముచ్చట్లున్నాయి. గ్లోరీ వంటింటి బండల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు ఆగేదాకా డానియల్ ఒక్క ముక్క మాట్లాడలేదు.