హైమవతి ముక్కు

హైమవతి ముక్కుకి భయపడి వాళ్ల వీధి ఎలకలు పక్కవీధికి పోయి చచ్చేవని ఖరగ్‌పూర్‌లోని ఝపటాపూర్ పేటలో ఆడవాళ్లు నవ్వుకునేవారు. నవ్వుకుంటే నవ్వుకున్నారు గాని, ఎండాకాలం అమ్మవారి పండగలో ముర్రాటల ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచే బిందె ఎవరు ఎత్తాలన్న మాట వస్తే అందరి కళ్లూ ఆవిడ వైపే తిరిగేవి. పసుపునీళ్లు పోసి వేపమండలు గుచ్చిన ఆ బిందె తలకెత్తుకునే మనిషి ఒళ్లూ ఇల్లూ అద్దంలా ఉండాలి. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్‌కి రైలు పనికి వచ్చినవాళ్లు దారిలో ఏవేం వదిలేశారో గాని, ఈ పట్టింపు మాత్రం వదల్లేదు.

హైమవతికి లోకమంతా రోతే. బజారు గోడల మీద గుట్కా ఉమ్ములు చూస్తే రోత. చేపల బుట్ట నుంచి కారే నీళ్లు చీర అంచుకి తగిలితే ఇంటికొచ్చి తలంటు. పక్కింటి బెంగాలీ వదినగారు, ఘోష్ బౌదీ, ఎండుచేప వేయిస్తే కిటికీలన్నీ ధడాల్న మూసి, ఆ చప్పుడు బౌదీకి వినపడిందో లేదోనని ఇంకోసారి తెరిచి మూసేది. ఇన్ని రోతల్లోకీ పెద్ద రోత ఆవిడ మెళ్లో తాళి కట్టింది.

జగ్గారావు వర్క్‌షాపులో ఫిట్టరు. బోగీల కింద ఉండే మరుగుదొడ్డి ట్యాంకులు విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించడం పని. దేశమంతా తిరిగొచ్చిన జనం కడుపులు దించుకున్నదంతా ఆయన చేతుల మీదుగానే పోవాలి. ఆ చేతులు వీధి గుమ్మం లోంచి ఇంట్లోకి రావడానికి వీల్లేదు. సాయంత్రం పెరటి దారినే రావాలి. అక్కడ ఆయన బకెట్టు, ఆయన మగ్గు, ఆయన ఎర్రసబ్బు వేరేగా ఉంటాయి. హైమవతి వంటింటి గడప మీద నిలబడి చూస్తుంది.

"గోళ్ల సందులు రుద్దినారా? సెవులెనక?"

"రుద్దినానే తల్లీ. ఇంకా రుద్దితే ఎముకలే మిగుల్తాయి."

అంత రుద్దినా అన్నం గిన్నె ముట్టనివ్వదు. పెళ్లయిన నాటి నుంచీ ఇదే తంతు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నవ్వడం తప్ప వేరే దారి లేదని కొన్నాళ్లకే తెలుసుకున్న మొగుడు.

చలికాలం వెళ్లిపోతుండగా హైమవతికి గడ్డ లేచింది. ఎక్కడ? మలద్వారం పక్కనే. ఆ చోటికి తెలుగులో పేర్లు లేక కాదు, ఉన్నవన్నీ తిట్లే. తిట్టుకి పనికొచ్చే మాటని రోగానికి వాడి చెప్పుకోవడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. ఒక పక్కకి ఒరిగి కూర్చుని కూరలు తరిగింది. అంట్లు నిలబడి తోమింది. ఓ తెల్లవారి అది దానంతటదే పగిలి, నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి, పీడ వదిలిందనుకుంది.

పీడ వదల్లేదు. ఆ చోట తడి ఆరలేదు. మానినట్టే పైన మూసుకునేది, మళ్లీ తెరుచుకుని చెమ్మగిల్లేది.

ఆ రోజుల్లోనే ఇంట్లో కంపు మొదలైంది. హైమవతి ఫినాయిల్‌తో గచ్చు కడిగింది. కాలువలో కర్ర పెట్టి పొడిచింది. అలమార్లు జరిపి చచ్చిన బల్లి కోసం వెతికింది. గోడ మీద నుంచి తల పెట్టి, "బౌదీ, ఏటి వండుతున్నావు, శవాన్నా?" అని తెలుగులోనే అరిచింది. అర్థం కాని ఘోష్ బౌదీ గిన్నెతో కూర ఇవ్వబోయింది. చివరికి ఆ కంపంతా జగ్గారావు నెత్తిన పడింది.

"మీ ఒంట్లోకే ఎక్కిపోనాది ఆ ట్యాంకు. ఇంక సబ్బుకి లొంగదు. వరండాలో పడుకోండి."

ఆయన చాప చుట్టుకుని వరండాలోకి పోయాడు. ఒక్క మాట అనలేదు. మాట అనకపోవడం చూసి తప్పు ఒప్పుకున్నాడనే అనుకుంది.

మొగుడు వరండాలోకి వెళ్లాడు గాని కంపు ఇంట్లోనే ఉండిపోయింది. ఓ మధ్యాహ్నం బట్టలుతికే రాయి మీద తన లంగా తీసి సబ్బు రాయబోతూ ముక్కు దగ్గరికి తెచ్చుకుంది హైమవతి. అంతే, అక్కడే గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. ఊరందరి మురికినీ పసిగట్టిన ముక్కు ఇన్నాళ్లూ తన చీర కిందకి చూడలేదు. ఆవిడకి ఏడుపు కూడా రాలేదు. ఒళ్లంతా జుగుప్స. తన తోలు తనే ఒలుచుకుని ఆ రాయి మీద ఉతికి ఆరేసుకోగలిగితే బాగుణ్ణనిపించింది.

ఒలుచుకోవడం ఒక్కటే తక్కువ. నీళ్లు కలపని డెట్టాల్ దూదితో అద్దుకుని, పళ్లమధ్య తువ్వాలు కరిచిపట్టుకునేది. వేపాకూ పసుపూ నూరి పట్టు వేసేది. పీచుతో తోమేది. తోలు ఊడి, మంటా దురదా ఎక్కువై, ఆ దురదకి ఇంకా తోమేది. పైన పటారం లోన లొటారం అంటారే, అలా లోపలున్నదాన్ని వదిలేసి పైనున్నదాన్ని చంపింది. వీధిలో ఎవరైనా "ఏటమ్మా, అలా నడుస్తన్నావు?" అంటే, "వేడి సేసినాదమ్మా," అనేది. వేడి చేసిందంటే మనవాళ్లు ఇంకేం అడగరు. మజ్జిగ తాగమంటారు. కుండలకి కుండలు తాగింది.

రైల్వే ఆస్పత్రికి వెళ్లొచ్చు కదా అంటారు. అక్కడి బెంచీల మీద సగం ఝపటాపూర్ కూర్చుని ఉంటుంది. పెయింటింగు షాపు నూకయ్యని అక్కడ డాక్టరు వేలు పెట్టి చూశాడని తెలిసి, రిటైరయ్యేదాకా ఆయన్ని ఆ వేలు పేరుతోనే పిలిచారు. ఆ పేరుకి నవ్విన ఆడవాళ్లలో హైమవతి కూడా ఉంది. అందుకని చెంగు నెత్తిమీద కప్పుకుని, పూరీ గేట్ దగ్గర 'ఆపరేషన్ లేకుండా గ్యారంటీ' అని బోర్డు పెట్టుకున్న ఒక వైద్యుడి దగ్గరికి పోయింది.

"ఏమైంది దీదీ?" అని ఆయన హిందీలో అడిగాడు.

"మొలలు," అంది హైమవతి. రోగం పేరు తనే పెట్టేస్తే ఇంక చూడనక్కర్లేదు కదా.

ఆయనా చూడనక్కర్లేదనుకున్నాడు. కుర్చీలోంచి లేవకుండానే ఒక పొడి, ఒక పూతమందు ఇచ్చాడు. చూడనందుకు హైమవతి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. చూసే వైద్యుడికి దూరంగా పారిపోయి, చూడని వైద్యుడికి దణ్ణం పెట్టే జాతి మనది. ఆ పొడికి కడుపు నీళ్లయి కారింది తప్ప చీము ఆగలేదు.

అమ్మవారి పండగ వచ్చింది. ఆ పొద్దున లేవగానే ఒళ్లు కాలుతోంది. పాత చోటు పక్కనే మళ్లీ రాయిలా గట్టిపడింది, పైన కంత మూసుకుపోయి చుక్క చుక్కే ఊరుతోంది. బిందె ఎత్తనని చెప్పాలి. చెబితే ఎందుకని అడుగుతారు. మడత మీద మడత గుడ్డలు పెట్టుకుని, పైన కొత్త చీర కట్టి, అమ్మా నన్ను క్షమించు అనుకుంటూ బిందె తలకెత్తుకుంది.

డప్పులు మోగుతున్నాయి. వీధి మలుపు తిరిగేసరికి అడుగు తీసి అడుగు వేస్తే ప్రాణం పోతోంది. వెనకే నడుస్తున్న నీలవేణి, ఎదురింటి కోడలు, ముక్కు ఎగబీల్చింది.

"పిన్నీ, ఎక్కడో ఎలక సచ్చినట్టు లేదూ?"

ఇద్దరు ముగ్గురు ఆగి వాసన చూశారు. ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"కాలువ," అంది హైమవతి.

అక్కడ కాలువ లేదు. హైమవతికి చలి పుట్టి పళ్లు టకటకలాడాయి. బిందెలో నీళ్లు తొణికి ముఖం మీద పడ్డాయి. ఇంకో పది అడుగులు వేస్తే బిందెతో సహా పడిపోతుంది. ఎన్నడూ ఎవరూ చేయని పని చేసింది. బిందె దించి నీలవేణి చేతుల్లో పెట్టేసింది. డప్పులు ఆగిపోయాయి. అన్ని ముఖాలు తన వైపు తిరిగితే, ఒక్క ముఖంలోనైనా జాలి ఉందేమోనని వెతకలేదు. జగ్గారావు జనం లోంచి తోసుకుంటూ వచ్చి రెక్క పట్టుకున్నాడు.

టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించాడు గాని హైమవతి కూర్చోలేకపోయింది. సీటు మీద మోకాళ్లు వేసి, వెనక కమ్మీ పట్టుకుని, వెళ్లిపోతున్న వీధిని చూస్తూ ఒరిగింది.

"జరిగి కూకోండి. వాసనొస్తాది," అంది.

"తెల్సు."

"ఏటి తెల్సు?"

"అది కాలువా కాదు, ఘోష్‌బాబు ఇంటి సేపలూ కాదు, నానూ కాదు. పెంట వాసన వేరు, సీము వాసన వేరు. ఇన్నేళ్లు ట్యాంకుల్లో తల పెట్టినోడికి ఆ తేడా తెల్దేటే?"

హైమవతి తల తిప్పి చూసింది. "మరి వరండాలోకి పొమ్మంటే ఎందుకెల్లినారు?"

"కంపు నాదే అనుకుంటే నీకు కూసింత నిద్ర పడతాదని."

హైమవతికి అప్పుడు వచ్చింది ఏడుపు, కోపంతో కలిసి. "సెప్పొద్దేటండి! నాను సచ్చిపోతే ఏటి సేద్దురు? అప్పుడు సెప్దురా?"

"సెప్తే సిగ్గుతో సచ్చిపోతావని భయపడినానే," అని జగ్గారావు కళ్లు తుడుచుకున్నాడు. ప్రేమే. కాని అంత ప్రేమకి కాస్త బుద్ధి కూడా ఉంటే, నెలల కిందటే ఆస్పత్రికి పోయేవారు.

రైల్వే ఆస్పత్రిలో డాక్టర్ షైని అనే కేరళావిడ తెర లాగింది. ఎడమ పక్కకి తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమంది. దీపం దగ్గరికి జరిపింది. గ్లవ్సు తొడిగిన చప్పుడు విని హైమవతి గోడకి ముఖం దాచుకుంది. రోత, రోత, రోత. ఈవిడ పొద్దున ఏం తిని వచ్చిందో, ఇది చూసి మధ్యాహ్నం ఏం తింటుందో. డాక్టరు మాత్రం చెయ్యి పట్టుకుని నాడి చూసినంత తేలిగ్గా అక్కడ చూసింది. నొప్పికి హైమవతి కేక పెట్టగానే వేలు తీసేసి, ఇంక తట్టుకోలేవు, మత్తులో చూస్తానంది.

"మొలలని ఎవరన్నారు?" అని హిందీలో అడిగింది.

"నేనే."

"మందిచ్చినవాడు చూశాడా?"

"చూడలేదు."

డాక్టరుకి కోపం వచ్చింది. మొలలైతే సాధారణంగా విరేచనంతో రక్తం పడుతుంది, ఇలా చీము కారదు అంది. అక్కడ చీలికైతే దొడ్డికి పోయేటప్పుడు గాజుపెంకు కోసినట్టుంటుంది. ఇది ఆ రెండూ కాదు. లోపల గోడలో చిన్న గ్రంథి చీము పట్టి, గడ్డయి, బయటికి దారి తొలుచుకుంది. దీన్ని భగందరం అంటారు. బయటి కంత మూసుకుంటే చీము లోపలే నిండి జ్వరం తెస్తుంది. ఇంకా ఆలస్యం చేసుంటే ఒళ్లంతా విషం పాకేది. ఇప్పుడు చీము తీసేస్తాను, వాపు తగ్గాక స్కానింగులో దారి చూసి, ఆ దారి తెరిచి మాన్పాలి అంది.

"నువ్వెంత తోమినా సొరంగం లోపలుంది. ఇకనుంచి డెట్టాల్ లేదు, సబ్బు లేదు, పీచు లేదు. గోరువెచ్చని నీళ్లలో కూర్చో, మెత్తటి గుడ్డతో అద్దుకో, అంతే."

సబ్బు లేదన్నప్పుడు హైమవతి వేసిన ముఖం కోత పెడతామన్నప్పుడు కూడా వేయలేదు.

ఆ రోజే చీము తీశారు. కొన్ని వారాల తర్వాత రెండో ఆపరేషను చేసి, దారిని తెరిచి, కుట్లు వేయకుండా వదిలేశారు. గాయం అడుగు నుంచి పైకి మానాలట. రోజూ కడిగి గుడ్డ మార్చాలి. రోగి తనకు తాను చూసుకోలేని చోటు. "ఇంట్లో ఎవరు చేస్తారు?" అని నర్సు అడిగితే జగ్గారావు చెయ్యెత్తాడు.

"ఆ సేతుల్తోనా!" అంది హైమవతి.

ఆ చేతులే చేశాయి. సాయంత్రం పెరట్లో బకెట్టు చప్పుడు, మగ్గు చప్పుడు, ఎర్రసబ్బు వాసన. గడప మీద కాపలా నిలబడే మనిషి మంచం మీద బోర్లా పడి ఉన్నా, ఆయన గోళ్ల సందులు రుద్దుకుంటూ, "సెవులెనక కూడా రుద్దినానే," అని తనంతట తనే కేకేసేవాడు. నీళ్లు కాచి, ముంజేతి మీద చుక్క వేసి వేడి చూసి, టబ్బులో పోసేవాడు. తర్వాత నర్సు చెప్పినట్టే కడిగి, తడి అద్ది, గుడ్డ పెట్టేవాడు. ముఖం చిట్లించలేదు. ఊపిరి బిగపట్టలేదు. అన్నాళ్లూ హైమవతి దిండులో ముఖం పెట్టుకుని, సిగ్గుతో, కంపరంతో పళ్లు నూరుకునేది. ఈ మనిషినా అన్నం గిన్నె ముట్టనివ్వలేదు నేను అనుకుని ఓ రోజు దిండంతా తడిపింది.

ఇంకో రోజు గుడ్డ మారుస్తుంటే మెల్లగా అడిగింది.

"వాసనొస్తందా?"

జగ్గారావు తీసిన గుడ్డని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, శ్రద్ధగా వాసన చూశాడు.

"సీము పోనాది. పచ్చిపుండు వాసన. మానతాది."

హైమవతి పెళ్లయ్యాక మొదటిసారి ఇంకొకరి ముక్కుని నమ్మింది.

ఆ వేళ భోజనాలయ్యాక జగ్గారావు అలవాటుగా చాప చుట్టుకుని వరండా వైపు నడిచాడు. మంచం మీంచి పిలుపు వినపడింది.

"ఎక్కడికండి? కంపుగొట్టేవోళ్లిద్దరికీ రెండు గదులేటికి? లోపలికి రండి."

ఆయన చాప చంకన పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"కాళ్లు మాత్రం కడుక్కుని రండి."