సగం దించిన షట్టర్

ఆ వర్క్‌షాపు షట్టర్ సగానికి దిగిందంటే పెద్దాయన స్వయంగా పనిలోకి దిగాడని అర్థం. బయట నిలబడ్డవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్లు. "తన పనితనం ఎవరి కంటా పడనివ్వడు, ఘటికుడు" అని మెచ్చుకునేవాళ్లు కూడా. వంగి లోపలికి తొంగిచూసే ధైర్యం మాత్రం ఎవరూ చేయలేదు. చేసి ఉంటే స్టూలు మీద కూర్చుని టీ ఊదుకుంటున్న పెద్దాయనా, బండి కింద నుంచి బయటికి చాచిన ఆయన కోడలి కాళ్లూ కనిపించేవి.

పెద్దాయన చేతులకు వణుకు పట్టుకుని నాలుగేళ్లయింది. నట్టు ఎక్కించబోతే చెయ్యి ఒక దారి, బోల్టు ఒక దారి. కొడుక్కి నేర్పుదామని చాలా తంటాలు పడ్డాడు. ఆ కొడుకుని తెలిసినవాళ్లంతా రేడియో అంటారు. పొద్దున నోరు తెరిస్తే మళ్లీ నిద్రలోనే మూత. అయిదు ఉద్యోగాలు చేశాడు, అయిదూ వదిలాడు. బానెట్ ఎత్తి చూపిస్తే తండ్రి మొహంకేసి చూసేవాడు తప్ప ఇంజన్‌కేసి చూసేవాడు కాదు. పనిముట్లు అందించడానికి వచ్చిన కోడలు మాత్రం, ఏ స్పానర్ కావాలో మామగారు అడక్కముందే చేతిలో పెట్టేది. అలా మొదలైంది. ఏడాది తిరిగేసరికి గేర్‌బాక్సు విప్పి బిగించింది. రెండో ఏడాదికి ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పేది. నేర్పినవాడు ఆయనే, కాదనడానికి లేదు. కానీ ఆ సంగతి షట్టర్ దాటి బయటికి రాకూడదన్న నియమం పెట్టినవాడూ ఆయనే.

టూరిస్టులను కొండమీదికి తిప్పే కంపెనీ మేనేజరు ఒకనాడు పాత జీపు ఒకటి తోలుకొచ్చాడు. ముప్పై ఏళ్ల బండి. కొండరాళ్ల మీద పట్టు దొరకాలని దానికి ఈ మధ్యే లావుపాటి టైర్లు వేయించారట. అప్పట్నుంచి సతాయింపే. ఎక్కుడు దారిలో మెల్లగా మెలికలు తిరుగుతుంటే స్టీరింగ్ పంపు మూలుగుతోంది, పవర్ స్టీరింగ్ ఆయిల్ కాగి నురగెత్తి డబ్బా మూతలోంచి పొంగిపోతోంది, ఆపైన స్టీరింగ్ మొండికేస్తోంది.

"మొన్న లోయ పక్క మలుపులో డ్రైవరు చక్రం తిప్పలేక నిలబెట్టేశాడు. బండిలో ఎనిమిది మంది ఉన్నారు" అన్నాడు మేనేజరు. "మావి ఇలాంటివే ఆరు బండ్లు. దీన్ని బాగుచేసిన మనిషినే మా వర్క్‌షాపుకి హెడ్ మెకానిక్‌గా పెట్టుకుంటాం. అది మీరైనా సరే, మీ దగ్గర చేసేవాళ్లయినా సరే."

అతను వెళ్లాక పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "ఇది నువ్వు చెయ్యమ్మా. ఈసారి దాచను. బండి అప్పజెప్పేటప్పుడు నీ పేరే చెప్తాను."

"నిజంగానా మామయ్యా?"

"నా నోటితో చెప్తున్నాను కదా."

ఆమె ఆ మాట నమ్మింది. నాలుగేళ్లు బండ్ల కింద వెల్లకిలా పడుకున్న మనిషి ఎవరో ఒకరి మాట నమ్మకపోతే ఎలా?

ఆయిల్ చల్లబడటానికి ఒక కూలర్ తగిలించాలి. అక్కడిదాకా ఎవరైనా చెప్తారు. ఏ కూలర్, ఎక్కడ అన్నదే అసలు చిక్కు. విడిభాగాల కొట్టువాడు అన్నిటికన్నా పెద్దది తీసి బల్లమీద పెట్టి, ఇదైతే మంచు కురుస్తుందన్నాడు. దాన్ని రేడియేటర్ ముందు పెడితే రేడియేటర్‌కి గాలి ఆడదు. ఆయిల్ చల్లబడి ఇంజన్ ఉడుకుతుంది. వద్దంది. సొంత ఫ్యాను ఉన్నది చూపించాడు. ఈ జీపు వాగులు దాటే బండి, బురద పట్టి ఫ్యాను ఆగిన రోజున మళ్లీ మొదటికొస్తుంది. అదీ వద్దంది. చివరికి అరచేతికి కాస్త పెద్దగా, పలకల మీద పలకలు పేర్చినట్టున్న చిన్న కూలర్ ఎంచుకుంది.

"బంపర్ వెనకాల కింద బోలెడంత జాగా ఉంది కదమ్మా" అన్నాడు పెద్దాయన.

"కింద రాళ్లు తగుల్తాయి మామయ్యా. పైగా ఈ బండి నడిచేది నత్తనడక. ఎదురుగాలి కొట్టదు. రేడియేటర్ ఫ్యాను లాగే గాలే దిక్కు."

ఇంజన్ స్టార్ట్ చేసి, పల్చటి కాగితాన్ని వేలెడు ముక్కలుగా చించింది. ఒక్కో ముక్కనీ గ్రిల్ ముందు అంగుళం అంగుళం జరుపుతూ పోయింది. కొన్నిచోట్ల కాగితం ఊరికే ఊగింది. ఎడమవైపు పై మూలకు వచ్చేసరికి చేతిలోంచి లాక్కుని గ్రిల్‌కి అంటుకుపోయింది. మూడుసార్లు చూసింది, మూడుసార్లూ అక్కడే. ఆ మూలనైతే రేడియేటర్‌లో పిసరంత మాత్రమే మూసుకుంటుంది. పెద్దాయన నోరు తెరుచుకుని చూశాడు. ఇది ఆయన నేర్పింది కాదు.

కూలర్‌ని ప్లాస్టిక్ తాళ్లతో రేడియేటర్ రెక్కలకే కట్టేసి చేతులు దులుపుకునే మహానుభావులు చాలామంది ఉన్నారు. ఆర్నెల్లు తిరక్కుండా ఒరుసుకుని రేడియేటర్‌కి చిల్లు పడుతుంది. ఆమె ఇనుప పట్టీ కోసి, వంచి, రేడియేటర్ చట్రానికి బోల్టులతో బిగించింది. మధ్యలో పాత ట్యూబు రబ్బరు ముక్కలు వేసింది. గాలి లోపల చిక్కుకోకుండా కూలర్ నోళ్లు పైకి ఉండేలా పెట్టింది. ఆ తర్వాత పైపు. పంపు నుంచి స్టీరింగ్ బాక్సుకి వెళ్లే పైపులో ఆయిల్ విపరీతమైన ఒత్తిడితో పరిగెడుతుంది. కూలర్‌ని దాని మధ్యలో పెడితే పగిలిపోతుంది. స్టీరింగ్ బాక్సు నుంచి డబ్బాకి తిరిగొచ్చే రిటర్న్ పైపే కొయ్యాలి. కోసి, ఆయిల్‌కి తట్టుకునే రబ్బరు గొట్టం ఎక్కించి, ప్రతి అతుకుకీ రెండేసి క్లిప్పులు బిగించింది. ముందు చక్రాలు గాల్లోకి లేపి, ఇంజన్ ఆపి ఉంచి, స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి ముప్పైసార్లు తిప్పింది. డబ్బాలో బుడగలన్నీ పోయేదాకా తిప్పుతూనే ఉంది. పని అంతా మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ రేడియో బయట కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లకు కూలర్ల గొప్పతనం గురించి ఉపన్యాసాలిచ్చాడు.

నాలుగోనాడు మేనేజరు జీపుని కొండమీదికి తోలి, మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. దిగుతూనే మొహం వెలిగిపోతోంది. "వేలితో తిప్పాను సార్ స్టీరింగ్‌ని. చుక్క ఆయిల్ పొంగలేదు. ఎవరు చేశారిది?"

కోడలు అప్పటికే చేతులు కడుక్కుని, చీర కుచ్చెళ్లు సర్దుకుని నిలబడి ఉంది. గోళ్లలో ఎర్రటి ఆయిల్ మరక ఎంత తోమినా పోలేదు. పోకపోతేనే మంచిదనుకుంది.

పెద్దాయన వణికే చేతుల్ని వెనక్కి పెట్టుకున్నాడు. "మావాడే" అన్నాడు.

ఆమెకు ముందు అర్థం కాలేదు. మామయ్య ఇంకా మాట పూర్తి చేయలేదేమో అనుకుంది. రేడియో కూడా ఉలిక్కిపడి తండ్రి మొహం చూశాడు.

"ఆ మూలనే ఎందుకు పెట్టారు?" మేనేజరు రేడియోని అడిగాడు.

జీవితంలో మొదటిసారి రేడియో మూగబోయింది. తండ్రే అందుకున్నాడు. "కాగితం ముక్కలతో పట్టాడండీ. గ్రిల్ ముందు పెట్టి చూస్తూ, గాలి ఎక్కడ బాగా లాగుతోందో అక్కడ బిగించాడు. నేను కూడా నేర్పలేదు, వాడికే తట్టింది." ఆ తర్వాత కోడలి వైపు చూడకుండానే అన్నాడు. "అమ్మాయ్, సార్‌కి టీ పట్రా."

 పరాయి మనిషి ముందు మామయ్యని అబద్ధాలకోరుని చేయడం ఆమెకు చేతకాలేదు. చేతకాదని ఆయనకు ముందే తెలుసు, తెలిసే అన్నాడు. ఒళ్లంతా మండిపోయింది. అయినా వెళ్లి టీ పెట్టింది, చక్కెర కూడా సరిగ్గానే వేసింది.

మేనేజరు వెళ్లాక అడిగింది. "ఎందుకిలా చేశారు మామయ్యా?"

ఆయన తప్పు చేసినవాడిలా తల దించుకుంటాడనుకుంది. దించుకోలేదు. ఎంతో ప్రేమగా చెప్పాడు. "వాడికి ముప్పై అయిదొచ్చాయి తల్లీ. ఎక్కడా నిలదొక్కుకోలేదు. నీకేం, నీకు పని వచ్చు. పని రానివాడికి పేరైనా ఉండాలి కదా?"

ఆమె మొగుడు గోడకి ఆనుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. "నేనేం అడగలేదు. నాన్నే అన్నాడు" అన్నాడు. అదీ నిజమే. ఆ ఇంట్లో ఎవరూ ఏదీ అడగరు. అన్నీ వాటంతటవే అతని ఒళ్లో పడతాయి.

సోమవారం పొద్దున్నే అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని హెడ్ మెకానిక్ ఉద్యోగానికి వెళ్లాడు. మంగళవారం పదకొండింటికి వర్క్‌షాపులో ఫోన్ మోగింది. పెద్దాయన తీసి, విని, కోడలికి అందించాడు. "వాడే. నీతో మాట్లాడాలట."

"వినపడుతోందా?" అవతల గొంతు గుసగుసగా ఉంది. ఏ గోడ వెనక్కో వచ్చి మాట్లాడుతున్నట్టున్నాడు. "రెండో బండి విప్పాం. ఇక్కడ రెండు పైపులున్నాయి. కొయ్యాల్సింది ఏది?"

 రెండింట్లో తప్పు పైపు పేరు ఆమె నాలుక చివరే ఉంది. ఒక్క మాట. సాయంత్రానికల్లా ఆ కూలర్ పగిలి ఇతగాడి హెడ్ మెకానిక్ ఉద్యోగం ఆయిల్‌తో పాటు నేలపాలవుతుంది. చెప్పాలనిపించింది. ఉత్తినే అనిపించడం కాదు, నిజంగా చెప్పేద్దామనే నోరు తెరిచింది. అయితే కూలర్ షెడ్డులోనే పగులుతుందని ఎవరు రాసిచ్చారు? లోయ పక్క మలుపులో పగిలితే? బండి తోలే మనిషి ఎవరో ఆమెకు తెలియదు. వెనకాల కూర్చునే ఎనిమిది మందీ తెలియదు.

"చెప్పవోయ్, అవతల చూస్తున్నారు."

"కొసల్లో ఇనుప నట్లు బిగించి ఉన్నది ముట్టుకోకండి. మామూలు క్లిప్పుతో డబ్బాకి వచ్చేది రిటర్న్ పైపు. అది కొయ్యండి."

"ఉండు, రాసుకుంటున్నా. మెల్లగా చెప్పు."

మెల్లగా చెప్పింది. ప్రతి అతుకుకీ రెండు క్లిప్పులు వేయమంది. కూలర్ నోళ్లు పైకి పెట్టమంది. చక్రాలు లేపి, ఇంజన్ ఆపి, బుడగలు పోయేదాకా స్టీరింగ్ తిప్పమంది. అతను ప్రతి మాటా పలుకుతూ రాసుకున్నాడు. ఫోన్ పెట్టేయడం మరిచి లోపలికి నడిచాడు కాబోలు, కాసేపటికి అతని గొంతు మళ్లీ వినిపించింది, ఈసారి గుసగుస కాదు, ఖంగుమంటోంది. "ఇదిగో చూడండి, ఇనుప నట్లున్నది ఎప్పుడూ ముట్టుకోకూడదు. ఎందుకంటే..."

ఆమె ఫోన్‌ని మామగారి చెవి దగ్గర పెట్టింది. ఆయనకు కూడా వినపడాలనే పెట్టింది. విని సిగ్గుపడతాడని ఆశపడింది.

పెద్దాయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. వణుకుతున్న చేత్తో ఫోన్ పట్టుకోబోయి, పట్టు దొరక్క, ఆమె చేతినే గట్టిగా పట్టుకున్నాడు.

"విన్నావా అమ్మా, ఎంత చక్కగా చెప్తున్నాడో. వాడికి పని వచ్చేసింది."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లలో ఆమె చేసిన ఏ పనికీ ఆ కళ్లు తడవలేదు.