కడిగేసిన చార

కొబ్బరిపీచు అరిగిపోయి నా గోళ్ళే గోడను గీకుతున్నా ఆ బురద చార వదలడం లేదు. మా అత్తగారు మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, తలుపు పక్కన ఇంకా కనిపిస్తోందని చూపిస్తున్నారు. వరద నీళ్ళు మా ఇంట్లో రెండు రోజులు నిలబడ్డాయి. మేము బడి మేడ మీద తలదాచుకుని తిరిగి వచ్చేసరికి నీళ్ళు పోయాయి గానీ, నా ఛాతీ ఎత్తున నాలుగు గోడలకూ ఒక గోధుమరంగు పట్టీ మిగిలింది. పాపను గుమ్మంలోనే ఒక బల్ల మీద కూర్చోబెట్టి, అక్కడినుంచి దిగితే కాళ్ళు విరగ్గొడతానని బెదిరించి పని మొదలుపెట్టాను. గాజుపెంకు గుచ్చుకుంటుందేమో, పాము ఉందేమో, గోడే కూలుతుందేమో. నాకెప్పుడూ జరగబోయే చెడే ముందు కనిపిస్తుంది. అందుకే మా ఆయన నాకు ‘కంగారు కంపెనీ’ అని పేరు పెట్టాడు. చుట్టాల ముందు కూడా అలాగే పిలుస్తాడు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఆ రోజు అంత తొందర దేనికంటే, మా ఆయన ఆఫీసు మేనేజరు పరామర్శకు వస్తాడని కబురు. ఇల్లు ఇల్లులా కనిపించాలి, మనం బురదలో పొర్లే మనుషులమని ఆయన అనుకోకూడదు అని ఉదయమే చెప్పి వెళ్ళాడు. మూడు రోజులు కడిగాను. మేనేజరు రాలేదు. రానందుకు కూడా నాకే మాట పడింది, గుమ్మం ముందు ఆ చెత్త గుట్ట చూసి వెనక్కి వెళ్ళిపోయి ఉంటాడని. మా వీధిలో నలభై ఆరు ఇళ్ళుంటే నలభై ఆరింట్లోనూ ఇదే వరస. ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం. కొందరికి అత్తగారి కోపం, కొందరికి పిల్లల దగ్గు, కుట్టుమిషను అక్కకైతే తడి గోడకు ఆనితే కుట్టాల్సిన బట్టలు పాడవుతాయన్న బెంగ. ఎవరూ చెప్పుకోలేదు గానీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధి పొడవునా గోడలు గీకే చప్పుడే.

నాలుగో రోజున సహాయ కార్యాలయం వాళ్ళు ఇంటింటికీ తిరిగి నష్టం రాసేవాళ్ళు కావాలన్నారు. పదో తరగతి తప్పాను గానీ నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని తీసుకున్నారు. ఊరిని కొలిచే దొరసాని బయల్దేరిందని మా అత్తగారు వాకిట్లో నిలబడి నలుగురికీ వినిపించేలా అన్నారు. నా మెడలో కార్డు, చేతిలో టేపు, అట్టకు బిగించిన ఫారాలు. సూపర్‌వైజరు ఒక పూటలో పని నేర్పాడు. ముందు గదిలో గోడ మీద నీటి చార ఎంత ఎత్తుందో కొలవాలి. ఛాతీ దాకా ఉంటే పది మార్కులు, మోకాలి దాకా ఉంటే ఐదు, కనిపించకపోతే సున్నా. ఏ వీధికి ఎక్కువ మార్కులొస్తే ఆ వీధికి మంచినీళ్ళ ట్యాంకరు, డాక్టరు మొదటి విడతలో వెళతారు. జనం చెప్పేది రాయొద్దు, అందరూ ఎక్కువే చెబుతారు, కంటికి కనిపించిందే రాయాలని మరీ మరీ చెప్పాడు.

మెరక మీది పెద్ద వీధికి ముందు వెళ్ళాను. సగం ఇళ్ళకు తాళాలు. వాళ్ళంతా వాన మొదలవగానే కార్లెక్కి చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోయారు. కిటికీలోంచి టార్చి వేస్తే మోకాలి ఎత్తున చార, ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి గీత గీసినట్టుంది. ఐదు, ఐదు, ఐదు అని వేసుకుంటూ పోయాను. తరవాత మా వీధి. గోడలు తెల్లగా, తుడిచిన పళ్ళేల్లా ఉన్నాయి. కుట్టుమిషను అక్క టేపు వైపు, నా మొహం వైపు చూసింది.

"సున్నా వేస్తావా? నీటిలో నీ పిల్లని ఎత్తుకుంది ఎవరే? నేను కాదూ?"

నువ్వే అక్కా, కానీ కంటికి కనిపించిందే రాయమన్నారు అన్నాను. అంటూంటే నా గొంతు నాకే సూపర్‌వైజరు గొంతులా వినిపించింది. నిజం చెప్పాలంటే నన్ను ఆపింది ఆయన మాట కాదు, నా భయం. సొంత వీధికి మార్కులు కలుపుకుందని ఎవరైనా అంటే? కార్డు లాక్కుంటే? మా ఇంటి ముందు నిలబడి, మూడు రోజులు నా చేతులు ఒరుసుకుపోయేలా కడిగిన గోడను నేనే చూసి, నా ఇంటికి నేనే సున్నా వేశాను. మిగతా ఇళ్ళకు వేయడం ఆ తరవాత సులువైపోయింది.

రెండు రోజులకు జాబితా అంటించారు. పెద్ద వీధి మొదటి విడత, మాది మూడో విడత. అంటే ఇంకా పది రోజులు. నీళ్ళ బండి తాళాలు వేసిన ఇళ్ళ ముందు ఆగి హారను కొడుతోందట. తాళంకప్పకు దాహం వేస్తుందా అని వీధిలో ఆడవాళ్ళు నవ్వారు, నన్ను చూసి ఆపేశారు. ఆ ఉదయమే పాపకు విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి ఏడుసార్లు. కాచిన నీళ్ళే తాగించాను, కానీ బోరింగు నీళ్ళు కాచినా బురద వాసనే. ఉప్పూ చక్కెరా కలిపి చెంచాతో పోస్తే సగం బయటికే వచ్చింది. కుట్టుమిషను అక్క మనవడికీ అలాగే ఉంది, ఇంకో రెండిళ్ళలోనూ. ఈసారి నా భయం ఊరికే పుట్టింది కాదు. నేను గుండ్రంగా రాసిన సున్నాల్లోంచే పుట్టింది.

పాపకు ఉతికిన గౌను కోసం బీరువా తలుపు లాగితే ఉబ్బి బిగుసుకుపోయింది. భుజం పెట్టి తోస్తే బీరువాయే జానెడు పక్కకు కదిలింది. వెనక గోడ మీద చార ఉంది. ఛాతీ ఎత్తున, మొన్న నీళ్ళు పోయినప్పుడు ఎలా ఉందో అలాగే. కడిగిన మూడు రోజుల్లో బీరువా కాస్త జరపమని మా ఆయన్ని నాలుగుసార్లు అడిగాను. నడుం పట్టేసిందన్నాడు, దాని వెనక ఎవరు చూస్తారన్నాడు. ప్రతి ఇంట్లోనూ ఆడమనిషి ఒక్కతే జరపలేని సామాను ఒకటి ఉంటుంది కదా, ప్రతి ఇంట్లోనూ ఒక నడుం పట్టేసి ఉంటుంది కదా అనిపించింది. పాపను అత్తగారి పక్కన పడుకోబెట్టి, టేపు తీసుకుని అక్క ఇంటికి పరుగెత్తాను. సంగతి చెప్పగానే తను కుట్టుమిషను పక్కకు లాగి, వెనకున్న చెక్కబీరువాకు రెండో వైపు పట్టుకుంది. అక్కడినుంచి ఇల్లిల్లూ తిరిగాం. ఎవరింటి ఆడవాళ్ళు వాళ్ళింట్లో చేయి వేశారు. మర్నాడు పదింటికల్లా నలభై ఆరు ఇళ్ళలో ముప్పైతొమ్మిదింట్లో చార దొరికింది. ఛాతీ దాకా కొన్ని, మెడ దాకా కొన్ని.

నేను సహాయ కార్యాలయానికి బయల్దేరుతుంటే మా ఆయన తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. రెండోసారి కొలిస్తే మొదటిసారి అబద్ధం రాసినట్టే కదా, ఉన్న పని ఊడగొట్టుకుంటావు, నా ఆఫీసులో తెలిస్తే నేనెలా తలెత్తుకోవాలి అని అడిగాడు. పాపకు తగ్గుతుందిలే, పిల్లలన్నాక విరేచనాలు కావా అని కూడా అన్నాడు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన మాటకు జవాబు వెతుక్కోకుండా పక్కనుంచి వెళ్ళిపోవడం అదే మొదటిసారి. జవాబు వెతుక్కునే తీరిక లేదు, అంతే.

సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించాడు, అంకెలన్నీ ఓపిగ్గా చూశాడు. మార్కులు మార్చవచ్చు, మారిస్తే రేపే మీ వీధి మొదటి విడతలోకి వస్తుంది, కాకపోతే ఎందుకు మారుస్తున్నామో కారణం పెట్టాలి అన్నాడు. కంప్యూటరు నా వైపు తిప్పాడు. కారణాలు రెండే ఉన్నాయి. ఇంటివాళ్ళు తప్పుడు సమాచారం ఇచ్చారు. సర్వే చేసినవారి నిర్లక్ష్యం.

"ఆడవాళ్ళు గోడలు కడిగేశారండీ. అది పెట్టండి."

"అది కారణం కాదమ్మా. కడగడం మామూలే కదా."

మొదటిది పెడితే వీధి మొత్తాన్నీ అనుమానం కింద పక్కన పెడతారట. రెండోది పెడితే నన్ను ఇక పిలవరట. చెప్పేటప్పుడు ఆయన నా కళ్ళలోకి చూడలేదు. నాకు పాప కళ్ళు గుర్తొచ్చాయి, పొద్దున్న అవి లోపలికి పోయి ఉన్నాయి. రెండోదాని మీద నేనే వేలు పెట్టాను. నలభై ఆరు ఇళ్ళ ఆడవాళ్ళు మూడు రోజులు వంచిన నడుము ఎత్తకుండా చేసిన చాకిరీ, ఆ ఆఫీసు పుస్తకాల్లో నా నిర్లక్ష్యం అయింది. బీరువాలు కదపని మగవాళ్ళ గురించి ఏ గడీ లేదు. మెడలో కార్డు తీసి, టేపు చుట్టి బల్ల మీద పెట్టాను. చేతిరాత మాత్రం బాగుంటుందమ్మా మీది అన్నాడాయన, ఏదో ఒకటి మంచి అనాలని.

ఇంటికొచ్చేసరికి పాప మగతగా పడుకుని ఉంది. నాలుక తడిగానే ఉంది, మూత్రం పోసిందట. రేపు డాక్టరు వస్తాడు, ట్యాంకరూ వస్తుందని చెప్పగానే మా ఆయన మొహం వికసించింది. మరి నీ పనో అని అడిగాడు. పోయిందన్నాను. నేను ముందే చెప్పాను కదా అని తృప్తిగా మంచం మీద వెనక్కి వాలాడు. మా అత్తగారు లేచి గదంతా కలియజూశారు.

"రేపు డాక్టరు లోపలికి వస్తాడు కదే. బీరువా వెనకది కూడా కడిగెయ్. చూసేవాళ్ళకి అసహ్యంగా ఉంటుంది."

"కడగను అత్తయ్యా."

గొంతు పెంచి చెప్పలేదు. పాప లేస్తుందని మెల్లగానే అన్నాను. మా ఆయన తల ఎత్తి, కంగారు కంపెనీకి ఏమైందివాళ అన్నాడు. నవ్వుతానని కాసేపు చూశాడు. నేను పాప నుదుటి మీద చేయి వేసి, వేడి ఎంతుందో చూసుకుంటూ చెప్పాను.

"వాళ్ళంతా చూసి వెళ్ళాక కడుగుదాం. బీరువా ఆ వైపు మీరు పట్టుకోండి. అప్పటిదాకా అలాగే ఉంటుంది."