కనకం జుట్టు

నేను ఒక దెయ్యం జుట్టుని. తల మీద పెడితే పాదాల దాకా జాలువారే నల్లటి విగ్గుని. ఆదివారం వచ్చిందంటే నన్ను చూసి పిల్లలు అమ్మ కొంగులో తల దాచుకునేవారు. తలుపు కింది సందులోంచి పాకుతూ లోపలికి వెళ్లి, హంతకుడి కాలిమడమను చుట్టేసి ఈడ్చుకొచ్చేది నేనే. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. చెబుతుంటే ఒళ్లు మండిపోతోంది. తెర మీద అంతమంది నేరస్థుల్ని పట్టిచ్చిన దాన్ని, తెర వెనక నన్నే ఆయుధంగా వాడుకుని ఒక ఆడపిల్ల తల చీల్చినవాణ్ని ఏమీ చెయ్యలేక ఊరికే పడి ఉన్నాను.

నేను ఒక్క తల జుట్టుని కాదు. కొండ మీద మొక్కు తీర్చుకున్న ఎందరో ఆడవాళ్ల తలనీలాలు బస్తాల్లో ఏలూరు పక్కనున్న ఒక రేకుల షెడ్డుకు చేరాయి. బిడ్డకు జ్వరం తగ్గాలని ఒకావిడ, మొగుడు తాగుడు మానాలని ఇంకొకావిడ దేవుడికి ఇచ్చుకున్నవి. ఆ షెడ్డులో నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న ఆడవాళ్లు నా చిక్కులు తీసి, మందునీళ్లలో ముంచి, రంగు వేసి, పలచటి వల మీద పోగు పోగునా కుట్టారు. మనుషులు వింతగా ఉంటారు. తల మీద ఉన్నంతసేపూ నూనె రాసి పూలు పెట్టి మురిసిపోతారు. అదే పోగు అన్నంలో కనబడితే కంచం నెట్టేసి లేచిపోతారు.

అక్కడి నుంచి హైదరాబాద్ వచ్చాను. కృష్ణానగర్‌లో ఉండే మెహరున్నీసా చేతికి అప్పగించారు. సినిమాల్లో ఆడవాళ్లకు జుట్టు సింగారించడం ఆమె వృత్తి. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నన్ను చూడగానే "యా అల్లా, ఎంత పొడుగుంది! దీనికి నేను తల స్నానం చేయించాలంటే డాబా ఎక్కాలె" అంది. అన్నట్టే డాబా మీద తీగకు ఆరవేసి, పొద్దున్నే ఎండ ముదరకముందు కిందికి దించేది.

నేను వచ్చింది 'కురుల కనకం' అనే టీవీ సీరియల్ కోసం. అది మొదట బొమ్మల కథ. విజయనగరం మనిషి బొంతు అప్పలస్వామి ఒకప్పుడు ఒక వారపత్రికలో వారం వారం గీసేవాడట. కనకం జనపనార మిల్లులో పనిచేసే మనిషి. మిల్లులో చనిపోయి దెయ్యమై తిరిగొస్తుంది. ఆమె పగ తీర్చుకోవడానికి రాదు, కేసులు తేల్చడానికి వస్తుంది. ఎక్కడైనా కూలీ మనిషి చచ్చిపోయి, పోలీసులు 'ప్రమాదం' అని రాసి ఫైలు మూసేస్తే, అక్కడికి కనకం జుట్టు పాకుతూ వెళ్తుంది. నిజంగా అది ప్రమాదమో, ఎవడి పాపమో బయటికి లాగుతుంది.

సీరియల్ మొదలుపెట్టిన రోజు అప్పలస్వామిని పిలిచి శాలువా కప్పారు. శాలువా ఇంకా భుజాల మీద ఉండగానే ఆయనకు తెలిసింది, కనకాన్ని జమీందారు కూతురిగా మార్చేశారని. ప్రేమలో మోసపోయి చచ్చిందట. మిల్లు లేదు, కూలీలు లేరు. మేడలు, నగలు, అక్రమ సంబంధాలు.

"మరి మిల్లు ఏటైపోనాది?" అని అడిగాడాయన.

ప్రొడక్షన్ మేనేజర్ గిరిధర్ నవ్వాడు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండే మనిషి. "జనం ఇంట్లో కూర్చుని మిల్లు చూడరు సార్. దెయ్యాన్ని చూస్తారు. మీ పేరు మొదట్లో పెద్దక్షరాలతో వేస్తాం, సరేనా?"

అప్పలస్వామి శాలువా తీసి కుర్చీ మీద పడేసి వెళ్లిపోయాడు. హక్కులన్నీ ముందే రాసిచ్చేశాడు కాబట్టి అంతకుమించి చెయ్యగలిగింది లేదు.

హీరోయిన్ నన్ను ముఖం కనిపించే షాట్లకే పెట్టుకునేది. దురద పెడుతోందని చిరాకుపడేది. గోడలెక్కడం, తాడు మీద వేలాడడం, నీళ్లలో మునగడం, ఇవన్నీ స్వరూప చేసేది. స్వరూపది జనగామ దగ్గర పల్లె. కబడ్డీలో రాష్ట్రం దాకా ఆడిన పిల్ల. హీరోయిన్ ఎత్తే ఉందని డూపుగా తీసుకున్నారు. నిజానికి జనం జడుసుకున్న కనకం స్వరూపే. తలుపులు పగిలేలా దూకింది ఆమె, హంతకుడి ముందు గాల్లో తేలింది ఆమె. షాటు అయ్యాక చెమటతో తడిసిన నన్ను విప్పుతూ మెహర్‌తో నవ్వుతూ అనేది: "ఆంటీ, ఈ దయ్యానికి ఆకలైతుంది, ఏమన్న ఉన్నదా?" మెహర్ తన డబ్బాలోంచి రొట్టె తుంచి పెట్టేది. నన్ను పెట్టుకున్నవాళ్లలో నేను ఇష్టపడింది ఆ పిల్లనే.

ఆ రోజు మధ్యాహ్నం, ఊరి చివర గోడౌన్ లాంటి సెట్టు. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పగటిని చీకటి చేశారు. కనకం జుట్టు గాలికి ఎగసి గది మొత్తం నిండిపోవాలి. దానికి మనిషంత ఎత్తు ఫ్యాను తెచ్చారు. దాని ముందు ఇనప జాలీ ఉంది. జాలీ నీడ గోడ మీద గళ్లుగళ్లుగా పడుతోందని దర్శకుడు విసుక్కున్నాడు. గిరిధర్ మనుషుల్ని పిలిచి జాలీ ఊడదీయించాడు.

స్వరూప చూసింది. "అన్నా, జాలీ పెట్టించున్రి. గింత పొడుగు జుట్టున్నది, గుంజుకుంటది."

"ఏం కాదమ్మా. నువ్వు నిలబడే చోటుకీ దానికీ చాలా దూరం ఉంది. సాయంత్రానికి సెట్టు ఖాళీ చేసెయ్యాలి, నీతో వాదించే టైము లేదు."

"దూరముంటే జుట్టు ఎట్ల లేస్తది?"

"చెయ్యడం ఇష్టం లేకపోతే చెప్పు. బయట ఇరవైమంది ఉన్నారు."

స్వరూప వెళ్లి మెహర్ ముందు కూర్చుంది. మెహర్ నన్ను గాలికి ఊడిపోకుండా ఆమె సొంత జడతో కలిపి, క్లిప్పులు గుచ్చి, గట్టిగా అల్లింది. ఊడిపోతే మళ్లీ తిడతారు మరి.

ఫ్యాను తిరిగింది. నేను లేచాను. నిజం చెప్పాలంటే అందంగానే లేచాను. మైకులో దర్శకుడి గొంతు: "కొంచెం వెనక్కి... ఇంకొంచెం... అంతే, ఇంకా ఒక్క అడుగు." వెనక ఫ్యాను ఉంది. స్వరూప కళ్లు కెమెరా వైపున్నాయి. రెక్కలకు అంత దగ్గరయ్యేసరికి గాలి సుడి తిరిగి నన్ను వెనక్కి పీల్చింది. నా చివరలు రెక్కల్లోకి పోయాయి. ఆ తరవాతది నేను చెప్పలేను. నేను లాగలేదు, నన్ను లాగారు. నాతోపాటు ఆమె జడనీ, జడతోపాటు ఆమె తలనీ. ఆ కేక అంతకుముందు ఏ షాటులోనూ వినలేదు. నటించేవాళ్లకు అలాంటి కేక రాదు.

ఎవరో తీగ పీకేశారు. ఫ్యాను ఆగింది. ఆ నిశ్శబ్దంలో మొదట మాట్లాడింది గిరిధర్. "డాక్టర్‌ని పిలవండి" అన్నాడనుకుంటున్నారా? కాదు.

"ఎవరూ ఫోన్లు బయటికి తియ్యొద్దు!"

స్వరూపను వ్యానులో పడుకోబెట్టి తీసుకెళ్లారు. వ్యాను గేటు దాటకముందే గిరిధర్ జాలీని తెప్పించి, మళ్లీ బిగించాడు. ఆ మరలు బిగిసిన కిర్రుమన్న చప్పుడు నాకు ఇంకా గుర్తే. తెర మీద కేసైతే ఆ చప్పుడు చాలు, కనకం జుట్టు లేచి వాడి మెడకు చుట్టుకునేది. ఆ జుట్టుని నేనే, నెత్తురు మడుగులో నేల మీద పడున్నాను. లేవలేకపోయాను. కథల్లో జుట్టు లేస్తుంది. నిజంలో ఎవరో తీసి ఎత్తాలి.

ఎత్తింది మెహర్. "దాన్ని నాలాలో పడేసి రా, కొత్తది తెప్పిస్తాను" అన్నాడు గిరిధర్. "జీ సాబ్" అంది. వెళ్లి తన అన్నం డబ్బా సంచిలో నన్ను కుక్కేసుకుంది. తిడుతోంది, ఏడుస్తోంది. అంత గట్టిగా అల్లింది నేనే కదా అని నెత్తి బాదుకుంది. ఆమె కోపం తన మీదికి తిరగడం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. జాలీ తీసింది ఆమె కాదుగా.

మర్నాడు టీవీలో చిన్న ముక్క చెప్పారు. షూటింగు విరామంలో ఫ్యాను పక్కన సెల్ఫీ దిగుతూ ఒక జూనియర్ ఆర్టిస్టు స్వల్పంగా గాయపడిందట.

మెహర్ నన్ను మోసుకుని ఆస్పత్రికి వెళ్లింది. స్వరూప తలకు పెద్ద కట్టు, ముఖం వాచిపోయి ఉంది. గిరిధర్ అప్పటికే అక్కడున్నాడు, పళ్ల బుట్టతో. మంచి మాటలు చెబుతున్నాడు. "బిల్లు గురించి నువ్వు ఆలోచించకు. వచ్చే సీజన్‌లో కూడా నువ్వే డూపు. ఒక్క చిన్న వీడియో చాలు. నేనే అజాగ్రత్తగా వెళ్లాను, ఎవరి తప్పూ లేదు అని చెప్పు. సాయంత్రం వస్తాను, కొంచెం తేరుకో."

అతను వెళ్లాక స్వరూప గోడ వైపు తిరిగి పడుకుంది. "ఏమన్నంటే మల్ల పని ఇయ్యరు ఆంటీ. చెప్పేస్త" అంది.

అప్పుడు వచ్చాడు అప్పలస్వామి. వార్త విని రైలెక్కి వచ్చేశాడు. మంచం పక్కన నిలబడి కట్టువైపు చూశాడు. తరవాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"తల్లీ, కనకం ఎవలో నీకు తెలుసా?"

"దయ్యం కద సార్."

"మా అప్ప. నాకన్నా పెద్దది, మా సొంత అప్ప. మిల్లులో యంత్రానికి మూత తీసీసినారు, పని బేగి అవుతాదని. జడ పట్టీసింది. 'సోకు చేసుకుని జడేసుకొచ్చింది, దాని తప్పే' అన్నారు. నానప్పుడు పిల్లోణ్ని. ఎవలితో దెబ్బలాడాలో తెలీలేదు. పెద్దయ్యాక బొమ్మలేసినాను." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. "ఇప్పుడు ఆ కథే తీస్తూ, ఆ కథలో పనిచేసీ నిన్ను... మళ్లీ అదే మాట! దాని తప్పే అంట!"

స్వరూప తల ఇటు తిప్పింది.

"మా అప్ప చచ్చిపోనాది. నోరు లేదు. అందుకే దాన్ని దెయ్యం చేసినాను. నువ్వు బతికున్నావు తల్లీ. నీకు దెయ్యంతో పనేటి?"

ఆ పిల్ల మెహర్ చెయ్యి పట్టుకుంది, వేళ్లు తెల్లబడేంత గట్టిగా.

సాయంత్రం గిరిధర్ వచ్చాడు. దిండు సర్దాడు, ఫోను ఎత్తి పట్టుకున్నాడు. "ఊఁ, చెప్పమ్మా."

"నా పేరు స్వరూప. ఫ్యాన్ జాలీ గిరిధర్ సార్ తీయించిండు. పెట్టమని నేను అడిగిన. పెట్టలే. ఎనకకు పో, ఎనకకు పో అని డైరెక్టర్ మైకుల చెప్పిండు..."

గిరిధర్ ఫోను దించేశాడు. "ఏంటిది? పిచ్చి పట్టిందా?"

"నువ్వు ఆపితే ఆగుతదా? ఠాణాల గూడ గిదే చెప్త. పండ్లు తీస్కపో."

అతను వెళ్లలేదు, అరిచాడు. అంతకంటే గట్టిగా మెహర్ అరిచింది. ఆ గొంతుకు వార్డు వార్డంతా లేచి కూర్చుంది. నర్సులు వచ్చి అతన్ని బయటికి పంపారు.

పోలీస్ స్టేషన్లో ఎస్సై మొదట వినలేదు. "షూటింగుల్లో ఇలాంటివి మామూలేగా, ప్రమాదం అది" అన్నాడు. అప్పలస్వామి బల్ల మీద గుద్దాడు. "ఆ మాట ఇంకోసారి అనొద్దు!" మెహర్ సంచి తెరిచి నన్ను బల్ల మీద పరిచింది. నా చివర్లకు ఫ్యాను ఇరుసు గ్రీజు అంటుకుని ఉంది. నా మొదట్లో స్వరూప సొంత జడ, దాంతో వచ్చిన ఆమె తలచర్మం ఎండిపోయి ఉన్నాయి. రెక్కలకు జాలీ అడ్డుంటే నాకు ఆ గ్రీజు ఎలా అంటుతుంది? ఎస్సై కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఫిర్యాదు రాసుకోవడానికి కాగితం తీశాడు.

కేసు కోర్టుకు రావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా సీరియల్ ఆగలేదు. కొత్త విగ్గు, కొత్త డూపు. నేను మాత్రం పోలీసుల సామాన్ల గదిలో, విరిగిన సైకిళ్ల పక్కన, చీటీ కట్టిన సంచిలో.

సాక్ష్యం రోజు నన్ను విప్పారు. బోనులో స్వరూప నిలబడింది. తలకు స్కార్ఫు కట్టుకుంది. కంపెనీ వకీలు నన్ను కర్ర చివరతో చూపించి అడిగాడు: "ఆ రోజు మీరు పెట్టుకున్న విగ్గు ఇదేనా?"

"నేను పెట్టుకోలే సార్. నాకు పెట్టిన్రు."

"కథలో దెయ్యం పాత్ర చేసీ చేసీ, మీరు నిజంగానే నేరాలు కనిపెడుతున్నాననుకుంటున్నారా?"

కొందరు నవ్వారు. స్వరూప స్కార్ఫు విప్పింది. నడినెత్తి మీద జుట్టు మొలవని ఎర్రటి మచ్చ, అరచేయంత. నవ్వు ఆగిపోయింది. గిరిధర్ తల వంచుకున్నాడు. సిగ్గుతో కాదు, చూడలేక.

"చూడున్రి సార్" అంది. "మంచిగ చూడున్రి."

గుమస్తా టైపు చేస్తూ 'డూపు' అని గొణిగాడు. స్వరూప అటు తిరిగింది. "డూపు కాదన్నా. పేరు రాయి."

గిరిధర్‌కూ దర్శకుడికీ శిక్ష పడింది. ఇద్దరూ పై కోర్టుకు వెళ్లారు. ఇప్పుడు బెయిలు మీద బయటే ఉన్నారు. పని చేసుకుంటున్నారు. స్వరూప జనగామలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతోందట, మెహర్ కోర్టు వరండాలో చెబుతుంటే విన్నాను. తీర్పు చివర్లో నా గురించి కూడా ఒక వాక్యం ఉంది. అప్పీలు తేలిన తరవాత ఈ విగ్గును నాశనం చెయ్యవలెను అని.

అంటే వాళ్లు జైలుకు వెళ్లకుండా పాకులాడుతున్నంత కాలమూ నాకు ఆయుష్షు. వాళ్లు వెళ్లిన రోజు నన్ను తగలబెడతారు.

అగ్గిపెట్టె సిద్ధంగా ఉంచుకోండి. నాకేం తొందర లేదని మాత్రం అనుకోకండి.