ఉక్కు తీగ మోత

కన్సెప్సియోన్ ఊరి చర్చిలో రిహార్సల్ మొదలైన దగ్గర్నుంచి, వాద్యబృందాన్ని నడిపించే అన్సెల్మో పోన్యే చెవిలో ఒకటే సన్నటి మోత. ఎవడో దొంగచాటుగా ఫిడేలుకి ఉక్కు తీగ కట్టాడు, సందేహం లేదు.

మూడు వందల ఏళ్ల నాటి సంగీతాన్ని అప్పటిలాగే గొర్రె పేగుతో పేనిన తీగల మీదే వాయించాలన్నది ఆయన పట్టుదల. ఆయన బృందానికి పేరొచ్చిందే అందుకు. పేగు తీగతో తంటా ఏమిటంటే, దక్షిణపు చలిగాలి తగిలితే శ్రుతి నిలవదు. ఉక్కు తీగకి ఆ బాధ లేదు. రేపు సాయంత్రం ఉత్సవ కచేరీ, ఇవాళేమో గాలి తిరిగింది. అందరూ మాటిమాటికీ బిరడలు తిప్పుకుంటుంటే ఫిడేళ్ల వరసలో మొదటి కుర్చీలో రెమేదియోస్ చువిరూ ఒక్కతే తాపీగా కూర్చుంది. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాడు. చిన్నప్పుడు ఆమె చేతికి కమాను ఇచ్చింది తనే. అందుకే మరీ ఒళ్లు మండింది.

విరామంలో అందరూ జున్ను రొట్టెలకి బయటికి వెళ్లగానే ఆమె ఫిడేలు తీసి, తీగ తీగనూ గోటితో గీకి చూశాడు. అన్నీ పేగువే. ముందే పసిగట్టి మార్చేసి ఉంటుందని తేల్చుకున్నాడు.

తిరిగి వాయించగానే మళ్లీ అదే మోత.

"ఉక్కు తీగ ఎక్కడ దాచావ్?" అని అందరి ముందూ అడిగేశాడు.

"ఉక్కేంటి మాస్టారూ? గాలికి అలవాటు పడుతుందని ఫిడేలు పొద్దున్నుంచీ ఇక్కడే పెట్టా. మీరు నేర్పిందేగా."

తమకేమీ వినబడలేదని చెల్లో వాయించే పెద్దాయన నసిగాడు. అంతా ఒకటయ్యారన్నమాట. అన్సెల్మో ఆమెని కచేరీ నుంచి తప్పించేశాడు. ఆమె ఫిడేలు పెట్టెలో సర్దుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె లేకుండా వాయించమన్నాడు. మోత పోలేదు. ఒక్కొక్కరినే ఆపుతూ వచ్చాడు. చివరికి కమానులన్నీ ఒళ్లోకి దిగాయి, చర్చి అంతా నిశ్శబ్దం. ఎడమ చెవిలో మాత్రం మోత అలాగే ఉంది. నిన్న బస్సులోనూ ఇదే విన్నాడు. ఇంజను మోత అనుకున్నాడు.

అన్సెల్మో చెయ్యి దించేశాడు. అందరూ అది మళ్లీ ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నారు.

"ఎవరైనా పరిగెత్తండ్రా," అన్నాడు. "ఆ పిల్లని పిలుచుకురండి. రేపు నా చోట నిలబడాల్సింది తనే."