నూకరత్నం రాసిన పేజీ

నన్ను పరీక్ష అట్ట అంటారు. నా పుట్టుక గొప్పగా చెప్పుకునేదేం కాదు. రాజమండ్రిలో ఒక రేకుల షెడ్డులో నన్ను కొలతకు కోసి, మూలలు గుండ్రంగా అరగదీసి, నెత్తిన స్టీలు క్లిప్పు బిగించారు. ఆ రోజే నాలాంటివి మరో నాలుగు వందలు తయారయ్యాయి. మనుషులకు మేము మార్చి నెలలో గుర్తొస్తాం. మిగతా రోజుల్లో కరెంటు పోతే మాతో విసురుకుంటారు. దానికి నేనేమీ నొచ్చుకోను.

నన్ను కొనుక్కున్న పిల్ల సత్యవేణి. కాకినాడ దగ్గర ఒక ఊళ్ళో మునిసిపల్ హైస్కూల్లో చదివేది. వెనకవైపు నీలం స్కెచ్ పెన్నుతో తన పేరు రాసి కింద గీత గీసింది. కాగితం పెట్టే ముందు అరచేత్తో నన్ను ఒకసారి తుడిచేది. రెండేళ్ళు పరీక్షలన్నీ నా మీదే రాసింది. పదో తరగతి పబ్లిక్ పరీక్షల దాకా రాలేదు.

ఆగస్టులో చలిజ్వరం వచ్చింది. మూడు రోజులు మాత్రలు వేశారు. నాలుగో రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆరో రోజు తల్లిదండ్రులిద్దరే తిరిగొచ్చారు. ఆసుపత్రికి నేను వెళ్ళలేదు కాబట్టి విన్నదే చెబుతున్నాను. కిడ్నీలకు చీము పట్టి, విషం రక్తంలోకి ఎక్కిందట. "పిల్ల నీళ్ళు సరిగా తాగేది కాదా అమ్మా?" అని డాక్టరు అడిగిందట. తల్లి నూకరత్నానికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇంట్లో బిందె నిండా నీళ్ళుండేవి.

కార్యక్రమాలన్నీ అయిపోయాక చిన్నకూతురు లోవ చెబితే అర్థమైంది. లోవ అదే స్కూల్లో ఏడో తరగతి.

"స్కూల్లో మేమెవ్వరం తాగం అమ్మా. బాత్రూములకి గడియల్లేవు, నీళ్ళు రావు. అక్కయితే పొద్దున్న టిఫిన్ తిన్నాక కూడా తాగేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చాకే."

నూకరత్నం విని, "సరే, అన్నం తిను" అంది. అంతే అంది.

ఆమె రొయ్యల ఫ్యాక్టరీలో పొట్టు తీస్తుంది. షిఫ్టంతా చేతులు ఐసు నీళ్ళలోనే ఉంటాయి. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ పనిలోకి వెళ్ళింది. వచ్చేది, వండేది, గోడకి ఆనుకుని కూర్చునేది. ఏడవగా నేను చూడలేదు. గుండె రాయి చేసుకుందని చుట్టాలన్నారు. ఏడ్చి ఉంటే ఇంకో మాట అనేవారు. భర్త ఆటో వేసుకుని వెళ్ళేవాడు, వచ్చేవాడు. ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు.

దసరా సెలవులకు ముందు లోవ స్కూలు నుంచి ఒక కాగితం తెచ్చింది. పాఠశాల కమిటీకి తల్లిదండ్రుల్లోంచి సభ్యుల్ని ఎన్నుకుంటారట. అప్పటికి నెల కిందటే వచ్చిన హెడ్మిస్ట్రెస్ విజయభారతి ఒక కొత్త మెలిక పెట్టింది. నిలబడేవాళ్ళు తామెవరో, ఎందుకు నిలబడుతున్నారో ఒక పేజీ రాసివ్వాలి. దాన్ని నోటీసు బోర్డులో పెడతారు.

నూకరత్నం ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. బీరువా మీద నుంచి నన్ను దించి దుమ్ము తుడిచింది. వెనక్కి మాత్రం తిప్పలేదు.

"నా పేరు మేడిశెట్టి నూకరత్నం" అని రాసి ఆగింది. ఆదివారం మధ్యాహ్నమంతా ఆ ఒక్క వాక్యంతోనే గడిచింది. ఐసుకి బిగుసుకుపోయిన వేళ్ళకి పెన్ను పట్టు దొరకడం లేదేమో అనుకున్నాను. మేము వస్తువులం, అంతవరకే ఆలోచిస్తాం.

పక్కింటి సూర్రావు ఒకప్పుడు తాలూకాఫీసు ముందు కూర్చుని అర్జీలు రాసేవాడు. "నేను రాసెడతానుండమ్మా" అని నన్ను తీసుకుని పావుగంటలో పేజీ నింపేశాడు. గొంతు సవరించుకుని చదివాడు. విద్యాభివృద్ధికి అహర్నిశలు కృషి చేయుదుననీ, ఎల్లవేళలా సేవకు అంకితమై ఉందుననీ.

"ఎలాగుందమ్మా?"

"బాగుందండి బాబాయిగారూ. ఇందులో నేనెక్కడున్నానండీ?"

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. "అర్జీల్లో మనం ఉండమమ్మా" అన్నాడు మెల్లగా.

ఆయన వెళ్ళాక ఆమె ఇంకో కాగితం పెట్టుకుంది. ఈసారి ఆగలేదు. ఎంత గట్టిగా రాసిందంటే, ప్రతి అక్షరమూ నాకు దిగింది.

"నా పేరు మేడిశెట్టి నూకరత్నం. రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తాను. ఎనిమిది దాకా చదివాను. మన స్కూల్లో ఆడపిల్లలు రెండు వందల ఆరుగురు. వాళ్ళ బాత్రూములు నాలుగు. గడియ ఉన్నది ఒకటి. దానికి నీళ్ళు లేవు. అందుకని పిల్లలు నీళ్ళు తాగడం మానేశారు. మా పెద్దమ్మాయి సత్యవేణి కూడా మానేసింది. ఆగస్టు పంతొమ్మిదిన చనిపోయింది. నాకు ఈ సంగతి తెలీదు. నేను అడగలేదు. మీరు మీ పిల్లల్ని అడగండి. నన్ను ఎన్నుకుంటే నేను రోజూ వచ్చి అడుగుతాను."

పేజీలో సగం ఖాళీగా మిగిలింది.

మర్నాడు నన్ను చంకలో పెట్టుకుని స్కూలుకి వెళ్ళింది. విజయభారతి ఆ పేజీ చదివి బల్ల మీద పెట్టింది.

"నూకరత్నం గారూ, పాప గురించి రాసిన ఆ రెండు వాక్యాలు... ఇదే కారణమని డాక్టర్లు రాసివ్వలేదు కదా. పైవాళ్ళు చూస్తే స్కూలుకి మాటొస్తుంది. ఆ రెండూ తీసేద్దామా? మిగతాదంతా అలాగే ఉంచుదాం."

"అవి తీసేస్తే నేను రాయడానికింకేం లేదండి." నూకరత్నం గొంతు పెంచలేదు. "నేను చదువుకున్నదాన్ని కాదు, తెలివైనదాన్నీ కాదు. నాకు తెలిసింది ఇదొక్కటేనండి."

విజయభారతి కిటికీలోంచి గ్రౌండు వైపు చూసింది. సొరుగు లాగి పిన్నులు తీసుకుంది. అటెండరుని పిలవకుండా తనే వెళ్ళి బోర్డుకి గుచ్చింది.

మూడు రోజులు ఆ బోర్డు ముందు ఆడవాళ్ళు నిలబడ్డారు. చదవడం రానివాళ్ళకి పక్కవాళ్ళు చదివి వినిపించారు. ఒకామె అక్కడికక్కడే కూతుర్ని పిలిచి చెవిలో ఏదో అడిగింది. ఆ పిల్ల తల దించుకుంది.

ఎన్నిక రోజున నూకరత్నం పేరు చదివినప్పుడు తరగతి గదిలో దాదాపు అన్ని చేతులూ లేచాయి. ఆమె తల తిప్పి చూడలేదు. నన్ను ఒళ్ళో పెట్టుకుని క్లిప్పు తెరుస్తూ, మూస్తూ కూర్చుంది. ఎవరో భుజం తట్టి "గెలిచావమ్మా" అంటే, "అవునండి" అంది. సంతోషించిందా అంటే నేను చెప్పలేను.

బాత్రూముల పని జనవరిదాకా సాగింది. ముందు పంపు మోటారు బాగైంది, తర్వాత తలుపులు వచ్చాయి. కమిటీ కాగితాలు ఇప్పుడు నా మీదే ఉంటాయి. మధ్యాహ్నం షిఫ్టుకి వెళ్ళేముందు ఆమె రోజూ స్కూలుకి వచ్చి కుళాయిలు తిప్పి చూసి, రాసుకుంటుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం, ఆరో తరగతి పిల్లొకతె తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ బయటికొచ్చి ఆమెను ఎగాదిగా చూసింది.

"ఆంటీ, మీరెవరి మమ్మీ?"

నూకరత్నం రాస్తున్నది ఆపింది.

"సత్యవేణి వాళ్ళమ్మని" అంది. కాసేపాగి, "లోవ వాళ్ళమ్మని కూడా" అంది.

పిల్ల తలూపి పరిగెత్తింది. నూకరత్నం నన్ను గుండెకి ఆనించుకుని కొంచెంసేపు అలాగే నిలబడింది. తర్వాత మూడో బాత్రూములోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, గడియ పెట్టి చూసింది.

పడింది.