గుండీలు కుట్టినందుకు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, మా బావ వీరబాబు. నాన్న వెదురు లారీ మీద సారపాక వెళ్లాడు. అక్క నాగలక్ష్మి లేదు. ఆమె కోసమే బావ పొద్దుటి నుంచి మా మంచం మీద గొడ్డలి పెట్టుకుని కూర్చున్నాడు.

"అదేడుందో చెప్పు అత్తా. దాన్ని నరికి నేనే స్టేషనుకు పోత."

"నాకెర్క లేదయ్యా" అంది అమ్మ. అప్పటికే రెండుసార్లు కొట్టాడు. ఆమె పెదవి చిట్లి జాకెట్టు మీదికి రక్తం కారింది.

మొగుడి దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చిన అక్క మూడు రోజులుగా నాలుగిళ్ల అవతల ఉంది. బట్టలు కుట్టే అమీనా బీ పెద్దమ్మ ఆమెను మిషను వెనక గదిలో దాచింది. ఆ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం పెద్దమ్మే వచ్చింది. నా స్కూలు చొక్కాకు గుండీలు కుట్టి తెచ్చింది. అమ్మ ఎలా ఉందో చూసి అక్కకు చెప్పాలని వచ్చిందని నాకు అర్థమైంది.

"ఇగో బిడ్డా, నీ అంగీ."

చొక్కా అందుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. బడిలో అలవాటైన మాట బయటికొచ్చేసింది.

"థ్యాంక్స్ పెద్దమ్మా."

మా ఊళ్లో ఆ మాట ఎవరూ అనరు. ఇంటికి కప్పు వేసిపెట్టినా, పురుడు పోసినా అనరు. రేపు వాళ్లకు పని పడితే వెళ్లి చేస్తారు, అంతే.

పెద్దమ్మ ముఖం పాలిపోయింది. వెంటనే నవ్వేసింది. "అయ్యో, రెండు గుండీలకు థ్యాంక్సా! మీ సార్లు మంచిగనే నేర్పిండ్రు. ఇంకో నాలుగు తెంపుకొని రాపో."

బావ కూడా నవ్వాడు. "నీకు వెండి పట్టీలు కొనిచ్చిన. ఒక్కనాడన్న అన్నవా మరదలా?" మంచం మీంచి లేచాడు. "గుండీలకు ఎవలన్న ఏడుస్తరా?"

అమ్మ అతని కాళ్లు పట్టుకుంది. గొడ్డలి కర్రతో ఆమె వీపు మీద మోది, పెద్దమ్మను గోడకు తోసేసి ఆమె ఇంటివైపు పరుగెత్తాడు. పెద్దమ్మ వెనకే ఉరికింది. ఆమె వెనక నేను.

నేను చేరేసరికి అక్కను జుట్టు పట్టి గదిలోంచి ఈడుస్తున్నాడు. గొడ్డలి ఎత్తాడు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె వేళ్లు రెండు తెగి కింద పడ్డాయి.

అక్క బొగ్గుల ఇస్త్రీపెట్టె అందుకుని అతని ముఖం మీద కొట్టింది. నిప్పులు చెదిరాయి. కాలిన మాంసం వాసన వచ్చింది. అతను అరుస్తూ పడిపోయినా అక్క ఆగలేదు. ఎదురింటి సోమ్లా వచ్చి ఆమె చేతిలోంచి పెట్టె లాక్కునే దాకా కొడుతూనే ఉంది. తర్వాత సోమ్లా బావను బయటికి లాగి, మోకుతో ఎడ్లబండికి కట్టేశాడు.

అక్క కొంగు చింపి పెద్దమ్మ చేతికి చుట్టింది. గుడ్డ తడిసిపోయింది. ఇంకోటి చింపింది.

"పిల్ల ఎర్కలేక అన్నది నాగూ" అంది పెద్దమ్మ, పళ్లు బిగబట్టి. "దాన్నేమనకు."

"పెద్దమ్మా..." అన్నాను గుమ్మంలో నిలబడి.

అక్క లేచి వచ్చింది. ఆమె ముఖమంతా మసి, రక్తం.

"నువ్విగ నోరు తెరవకు" అని తలుపు వేసేసింది.